ఆరు రెట్లు ఖరీదైన కుర్చీ, దాని మీద మడతపెట్టిన బట్టలు

ప్రశ్న: మా పాపకు ఐదు నెలలు నిండాయి. ఆరో నెల నిండాక పాలతో పాటు మెత్తటి ఆహారం మొదలుపెట్టమని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నుంచీ ఇంట్లో హైచైర్ గొడవ, అదే, పిల్లల్ని కూర్చోబెట్టి తినిపించే ఎత్తు కుర్చీ. మా ఆడపడుచు వాళ్లింట్లో పేరున్న కంపెనీ చెక్క కుర్చీ ఉంది. సీటునూ కాళ్ల కింది పలకనూ ఎత్తు మార్చుకునే రకం. "ఒక్కసారి కొన్నావంటే పెద్దయ్యేదాకా పనికొస్తుంది, మావాడు దాంట్లో ఎంత బుద్ధిగా తినేవాడో" అంటుంది. నిజమే, నేనూ చూశాను. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. మామూలు కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఆ కుర్చీ మీద మడతపెట్టిన బట్టలు ఉంటున్నాయి, అది వేరే సంగతి. మావారేమో "దాని ధరకు ప్లాస్టిక్ కుర్చీలు ఆరు వస్తాయి, పిల్లకేం తెలుస్తుంది?" అంటారు. మా అమ్మ "మిమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించలేదా, మీరు పెరగలేదా?" అంటుంది. నాకిది మొదటి బిడ్డ. చౌకది కొని, పాప సరిగ్గా తినకపోతే నా వల్లేనేమో అని టెన్షన్. కొనలేక కాదు, కానీ ఆ డబ్బు పెడితే ఇంకో రెండు పనులు ఆగుతాయి. మా ఇల్లు చిన్నది. నలుగురు పట్టే టేబుల్ ఉంది, రాత్రిపూట అందరం దాని దగ్గరే తింటాం. కొనమంటారా? కొంటే తెలుపు తీసుకోవాలా, ముదురు రంగా?
— ఒక కొత్త అమ్మ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యాన్ని "అది వేరే సంగతి" అని మీరే పక్కన పెట్టేశారు. అది వేరే సంగతి కాదమ్మా, అసలు సంగతి అదే. మీరు కొనాలా వద్దా అని మథనపడుతున్న కుర్చీ ఒకటి మీకు దగ్గరివాళ్ల ఇంట్లో బట్టలు మోస్తూ ఖాళీగా ఉంది. ముందు దాన్ని అడగండి. అడగడానికి మొహమాటమని మీరు రాయలేదు కానీ, ఉత్తరం మొత్తంలో ఆ ఆలోచనే రాలేదంటే మొహమాటమేనని నా అనుమానం.

ఆమె ఇవ్వకపోతే, ఇంకెవరికో మాటిచ్చేసి ఉంటే అప్పుడు కొనే సంగతి చూద్దాం. ఏది కొన్నా, ఏది అడిగి తెచ్చుకున్నా, దాంట్లో ఏం చూడాలో తెలియాలి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మీరు చెప్పిన రకం కుర్చీలకు మూలపురుషుడు ట్రిప్ ట్రాప్. నార్వే డిజైనర్ పీటర్ ఆప్స్‌విక్ దీన్ని రూపొందించాడు, స్టొక్కె అనే కంపెనీ 1972లో బజారులోకి తెచ్చింది. ఆయన కొడుక్కి రెండేళ్లొచ్చేసరికి చిన్నపిల్లల కుర్చీ ఇరుకైంది, పెద్దవాళ్ల కుర్చీలో కూర్చుంటే టేబుల్ అందట్లేదు, కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. అది చూసి, సీటునూ కాళ్ల పలకనూ గాడుల్లో పైకీ కిందికీ జరుపుకునేలా కుర్చీ చేశాడు. తర్వాత ఆ నమూనాను చూసి ఎన్నో కంపెనీలు ఎన్నో ధరల్లో అలాంటివి తయారుచేశాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఖరీదులో కొంత పేరుకు, కొంత చెక్కకు పోగా మిగిలేది రెండు ఆలోచనలకు. కాళ్ల కింద ఆసరా ఒకటి. ట్రే అడ్డం లేకుండా పిల్ల నేరుగా అందరి టేబుల్ దగ్గరికి రావడం రెండోది. ఈ రెండూ మీకు ఎంత అవసరమో తేల్చుకుంటే ధర సంగతి సగం తేలినట్టే.

కాళ్ల సంగతి మీమీదే పరీక్షించుకోవచ్చు. కాళ్లు నేలకు ఆనని ఎత్తు స్టూలు మీద కూర్చుని, కింద దేనికీ పాదం తగలకుండా, సూదిలో దారం ఎక్కించి చూడండి. రెండు నిమిషాల్లో తొడల కింద నొక్కుతుంది. నడుము అటో ఇటో ఒరుగుతుంది. ఒక చెయ్యి తెలియకుండానే స్టూలు అంచును పట్టుకుంటుంది. పాదాల కింద ఏదైనా పెట్టగానే రెండు చేతులూ ఖాళీ అయిపోతాయి. పిల్లలకూ అంతే. అందులోనూ ఆర్నెల్ల పిల్లకు కూర్చోవడమే ఒక పని. నడుము నిలబెట్టుకోవాలి, మెడ నిలబెట్టుకోవాలి, ముక్క పట్టుకోవాలి, నోటిదాకా తేవాలి, నమలాలి, మింగాలి. పాదం ఆనితే ఈ పనుల్లో ఒకటి తేలికవుతుంది. పిల్లలకు తినడం నేర్పే థెరపిస్టులు కుర్చీని చూడగానే మూడు మడతలు చూస్తారు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఇంచుమించు లంబకోణంలో ఉన్నాయా లేదా అని.

అలాగని కాళ్ల పలక లేకపోతే పిల్ల తినదని కాదు. కోట్ల మంది పిల్లలు లేకుండానే తిన్నారు. మీ ఆడపడుచు కొడుకు బుద్ధిగా తిన్నాడంటే అందులో కుర్చీ వాటా కొంతే, మిగతాదంతా వాడి ఆకలి, వాడి స్వభావం. కాకపోతే తినేటప్పుడు ఒక పక్కకు జారిపోతూ, నాలుగు నిమిషాలకే మెలికలు తిరుగుతూ, పాదం ఎత్తి ట్రే అంచుకు తన్నిపెట్టే పిల్లను చూసి "దీనికి తిండి మీద ధ్యాస లేదు" అనేస్తాం. ఆ పాదం ఆసరా కోసం వెతుకుతోందేమో కూడా చూడాలి. ఇది నాకు రెండో బిడ్డప్పుడు గానీ తెలియలేదు.

మీవారు చెప్పే చౌక ప్లాస్టిక్ కుర్చీల్లో చాలావాటికి ఈ పలక ఉండదు. ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్ల ఆంటిలోప్ ఆ జాతిలో పేరు మోసింది. ఒకే ముక్కగా పోతపోసిన ప్లాస్టిక్ సీటు, ఊడదీసుకునే నాలుగు కాళ్లు, ఒక బెల్టు, అంతే. కాళ్ల పలక లేదని గమనించి దానికి తగిలించుకునే పలకలను వేరే వాళ్లు తయారుచేసి అమ్ముతున్నారంటే లోటు ఎక్కడుందో, దాన్ని పూడ్చడం ఎంత తేలికో రెండూ తెలుస్తున్నాయి. అలాంటిది బిగిస్తే మాత్రం గట్టిగా కదలకుండా ఉండాలి. ఊగే పలక మీద పాదం మోపి పిల్ల జారితే లేనిపోని ప్రమాదం. ఇంకో మాట. పాదానికి ఆసరా దొరికిన పిల్లకు లేచి నిలబడటమూ తేలికే. పలక ఉంటే బెల్టు తప్పనిసరి.

ఇక కడగడం. కొనేటప్పుడు ఎవరూ అడగరు. కొన్నాక రోజూ ఇదే మాట.

నా పెద్దబ్బాయికి నేను కొన్న కుర్చీ ఖరీదైనదే. మెత్తటి కుషను, దాని మీద పువ్వుల కుట్టు, వాలు మార్చుకునే మీట, ఎత్తు మార్చే మీట, చక్రాలు, కింద సామాన్ల బుట్ట. షాపులో దాన్ని చూస్తే చిన్న సింహాసనంలా ఉంది. మూడు వారాలు బాగానే గడిచాయి. తర్వాత దాని దగ్గరికి వెళ్తే ఏదో పుల్లటి వాసన. రోజూ తుడుస్తున్నానే అనుకుని ఒక ఆదివారం కుషను ఊడదీశాను. అడుగున, సీటు వెనక భాగాన్ని కలిసే సందులో, ఎండిపోయిన పాల చారికలు, వాటికి అతుక్కున్న అరటిపండు ముద్ద, దాని మీద బూజు. కుట్టు దారాల వెంట నల్లటి గీత. బెల్టు పట్టీ ఇనుప ముక్కలా బిరుసెక్కిపోయింది. బకిల్ లోపల ఏదో ఇరుక్కుని టిక్కుమని పడాల్సింది పడట్లేదు. టూత్‌పిక్ పెట్టి ఆ సందులన్నీ గీకుతూ గంటన్నర కూర్చున్నాను. ఆ కుషను మెషీన్‌లో వేయకూడదట, చేత్తోనే ఉతకాలట. ఆ ముక్క దాని కిందే అతికించిన చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు కుషను లేకుండా వట్టి ప్లాస్టిక్ మీదే కూర్చున్నాడు మావాడు. ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. మీటలు నేను మొత్తం మీద ఐదారుసార్లు వాడి ఉంటానేమో.

అందుకని నా లెక్కలో ఖరీదైన కుర్చీలు రెండు జాతులు. ఖరీదంతా కుషన్లు, మీటలు, చక్రాలు, బొమ్మల రూపంలో పోసినవి ఒకటి. సాదా చెక్క, గట్టి బిగింపు, సర్దుబాటు మీద పెట్టినవి రెండోది. మొదటి జాతి ఎంత తక్కువకు వస్తున్నా నేను వద్దనే అంటాను. రెండో జాతిని బేరీజు వేయొచ్చు. చౌక ప్లాస్టిక్ కుర్చీకి ఈ ఒక్క విషయంలో ఎవరూ సాటి రారు. కుట్లు లేవు, సందులు తక్కువ. బయటికి తీసుకెళ్లి నీళ్ల పైపు పెట్టేయొచ్చు. సాదా చెక్కది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కానీ వెంటనే తుడవాలి. గాడుల్లో పడ్డవాటిని మాత్రం పుల్లతో తీయాల్సిందే. దాన్ని నానబెట్టే పని పెట్టుకోకూడదు.

షాపుకి వెళ్తే ఏం చేయాలంటే, చేతిలో పిల్ల ఉన్నట్టు ఒక చెయ్యి మడిచిపెట్టుకుని, రెండో చేత్తో ట్రే తీసి పెట్టి చూడండి. బెల్టు కట్టి విప్పి చూడండి. అమ్మే అతను రెండు చేతులతో చేసి చూపిస్తాడు. మీకు ఇంట్లో ఆ రెండో చెయ్యి ఉండదు. ట్రే తీసి సింకులో పడుతుందా లేదా కూడా ఆలోచించండి. కొన్ని ట్రేలు సింకు కన్నా వెడల్పు.

"చౌకది ప్రమాదం" అన్న భయం మీకుంటే దాన్ని కొంచెం సర్దాలి. హైచైర్లకు భద్రతా ప్రమాణాలున్నాయి. యూరప్‌లో ఈఎన్ 14988, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్404. దీని ఆధారంగా చేసిన నిబంధనను అమెరికా ప్రభుత్వం 2019 జూన్ నుంచి తప్పనిసరి చేసింది. ఈ పరీక్షలు ధర చూసి పెట్టేవి కావు. కుర్చీ ఒరిగిపోతుందా, బెల్టు ఊడుతుందా, పిల్ల కిందికి జారిపోతుందా, వేలు ఇరుక్కుంటుందా అన్నవి చౌకదానికీ ఖరీదైనదానికీ ఒకటే. కాబట్టి చూడాల్సింది ధర చీటీ కాదు, ఏ ప్రమాణానికి పరీక్షించారో రాసిన చీటీ. అదేదీ లేని, ఎవరు చేశారో తెలియని కుర్చీ మాత్రం ఎంత అందంగా ఉన్నా దూరం పెట్టండి.

అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. 2003 నుంచి 2010 వరకు హైచైర్ల వల్ల దెబ్బలు తగిలి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన మూడేళ్లలోపు పిల్లల వివరాలను పరిశోధకులు లెక్కగట్టారు. సగటున ఏడాదికి 9,400 మందికి పైగా తేలారు. అందులో 93 శాతం కిందపడటమే. పడకముందు పిల్ల ఏం చేస్తోందో తెలిసిన కేసుల్లో మూడింట రెండు వంతుల మంది కుర్చీలో నిలబడుతూనో, ఎక్కుతూనో ఉన్నారు. అంటే బెల్టు కట్టలేదు, కట్టినా సరిగ్గా కట్టలేదు, లేదా అది పనిచేయలేదు. ట్రే ఉంది కదా, అదే ఆపుతుందిలే అనుకోవడం పెద్ద పొరపాటు. ట్రే ఉన్నది గిన్నె పెట్టడానికి, పిల్లను పట్టి ఉంచడానికి కాదు. నడుముకీ కాళ్ల మధ్యకీ వచ్చే బెల్టు కనీసం ఉండాలి. భుజాల మీదుగా వచ్చేది ఉంటే, కుర్చీలోనే లేచి నిలబడే పిల్లలకు అది ఇంకా మంచిది.

టేబుల్‌కు దగ్గరగా జరిపే కుర్చీలతో ఇంకో చిక్కుంది. పిల్లలకు కాళ్ల బలం రాగానే టేబుల్ అంచుకు పాదాలు తన్నిపెట్టి వెనక్కు నెడతారు. కుర్చీ వెనక్కు పడేది ఇలాగే. ట్రిప్ ట్రాప్‌కి వెనక కాళ్ల కింద పొడవైన ప్లాస్టిక్ ముక్కలు ఇస్తారు. అవి ఉంటే కుర్చీ ఒరగకుండా నేల మీద వెనక్కు జారుతుంది. మీ ఆడపడుచు దగ్గరి కుర్చీకి అవి ఉన్నాయో, ఏ మూలనో పారేశారో చూడండి. నేల మీద మందపాటి తివాచీ ఉంటే అవీ సరిగ్గా జారవు.

ఇక "పెద్దయ్యేదాకా పనికొస్తుంది" అన్న మాట. కంపెనీల ప్రకటన అది, అబద్ధమేం కాదు. పెద్దవాళ్లు కూర్చున్నా మోయగలిగేంత గట్టివి ఉన్నాయి. కానీ మోయగలగడం వేరు, పిల్ల కూర్చోవడం వేరు. మామూలు ప్లాస్టిక్ హైచైర్ దాదాపు మూడేళ్లకు, 15 కిలోల బరువుకు సరి. రోజుకు మూడుసార్లు కూర్చోబెడితే ఏడాదికి వెయ్యిసార్లు దాటుతుంది, రెండున్నరేళ్లకు రెండున్నర వేలు. ఖరీదైనది కూడా ఈ రెండున్నరేళ్లలో చేసేది అదే పని. దాని అదనపు ధర తిరిగొచ్చేది మూడో ఏడు దాటాకే. మరి అప్పుడు పిల్ల దాంట్లో కూర్చుంటుందా? కూర్చునే పిల్లలున్నారు. హోంవర్కు కూడా దాని మీదే చేసేవాళ్లున్నారు. "నేను చిన్నపాపను కాదు" అని నాలుగో ఏడే అమ్మానాన్నల కుర్చీ ఎక్కేసేవాళ్లూ ఉన్నారు. మీ మేనల్లుడు ఏ రకమో మీరే రాశారు. మీ పాప ఏ రకమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఐదు నెలల పిల్ల ఏడో ఏట ఏ కుర్చీలో కూర్చుంటుందో ఊహించి ఇప్పుడే డబ్బు కట్టడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

మీవారితో లెక్క వేసేటప్పుడు ఇంకొకటి చూడండి. ఇలాంటి చెక్క కుర్చీలకు పైకి కనిపించే ధర చాలాసార్లు వట్టి కుర్చీదే. చిన్నపిల్ల కూర్చోవడానికి వీపుకీ ముందుకీ తగిలించే అమరిక వేరు, ట్రే వేరు, కుషను వేరు, కొన్నిటికి బెల్టూ వేరు. మీ పాప వయసుకి ఆ అమరిక లేకుండా కుర్చీ పనికిరాదు. అన్నీ కూడితే ఆరు రెట్లు ఏడో ఎనిమిదో అవుతాయి. చౌక కుర్చీలకూ ట్రే విడిగా అమ్మడం ఉంది, కాకపోతే అక్కడ తేడా చిన్నది. అయితే ఖరీదైన వాటి తరఫున ఒక మాట చెప్పాలి. పేరున్న చెక్క కుర్చీని వాడాక కూడా మంచి ధరకు అడిగి కొనుక్కునేవాళ్లు ఉంటారు. ప్లాస్టిక్‌ది ఎవరికైనా ఊరికే ఇచ్చేయాల్సిందే. అందుకే చెక్కది కొత్తది కొనడం కన్నా వాడినది కొనడం ఎప్పుడూ తెలివైన బేరం. మొదటి దెబ్బ ఎవరో తినేసి ఉంటారు.

అయితే ఎవరూ కొత్తది కొనకూడదా అంటే, అదీ కాదు. రోజుకు రెండుమూడు పూటలు అందరూ టేబుల్ దగ్గరే తింటారు, ఇంకో బిడ్డ ఆలోచన ఉంది, ఆ డబ్బు పెడితే ఏ పనీ ఆగదు అన్న ఇంట్లో ఆ కుర్చీ చక్కగా ఇమిడిపోతుంది. ముడుచుకోదు నిజమే, కానీ కాళ్లు చాపిన ప్లాస్టిక్ కుర్చీ కన్నా తక్కువ చోటు తింటుంది, టేబుల్ కిందికి సగం దూరిపోతుంది. మీ ఇంట్లో అందరూ కలిసి తినేది ఒక్క రాత్రిపూటే. రెండు పనులు ఆగుతాయని మీరే రాశారు. మీకు కొత్తది అక్కర్లేదు.

చిన్న ఇల్లన్నారు కాబట్టి, టేబుల్ అంచుకు పట్టుకుని వేలాడే సీట్లు కూడా చూసి ఉంటారు. చోటు తినవు, ప్రయాణాలకు బాగుంటాయి. గాజు టేబుల్‌కీ, మధ్యలో ఒకటే కాలున్న టేబుల్‌కీ, విడిగా పరిచిన పలకకీ అవి అస్సలు పనికిరావు. కాళ్లూ వేలాడతాయి. రోజూ వాడే కుర్చీగా నేను సిఫార్సు చేయను.

మీ అమ్మగారి మాట కొట్టేయకండి. మొదటి రెండు మూడు వారాలు ఆవిడ చెప్పినట్టే జరుగుతుంది చూడండి. ఆరు నెలలు నిండాక ఆహారం మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్యాలెండర్‌తో పాటు పిల్లను కూడా చూడాలి. మెడ నిలిచిందా, కాస్త ఆసరాతో నిటారుగా కూర్చుంటోందా, మీ చేతిలో ముద్ద చూసి నోరు తెరుస్తోందా అని. ఇవి రాకముందు పిల్లను ఏ కుర్చీలో కూర్చోబెట్టినా తల వాలిపోతుంది, ఒక పక్కకు కూలబడుతుంది. సీటు వెనక్కు వాల్చి తినిపిద్దామనుకునేరు, అది అసలే వద్దు. వాలిన పిల్ల గొంతులోకి ముద్ద తనంతట తానే జారుతుంది, పొలమారే ప్రమాదం. మొదట్లో రోజుకు రెండు మూడు చెంచాలే కాబట్టి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని తినిపించడానికి ఏ లోటూ లేదు. ఒళ్లో తినిపిస్తే మీకు పాప మొహం సరిగ్గా కనిపించదు, ఆవిడకు చెప్పాల్సింది అదొక్కటే. చాలు అన్నట్టు తల తిప్పేసుకోవడం, గొంతుకు అడ్డంపడటం ఎదురుగా కూర్చుంటేనే వెంటనే తెలుస్తాయి. కుర్చీ వల్ల అసలు లాభం అదే, ఆ లాభం చౌకదాంట్లోనూ ఉంది. పుట్టిన రోజు నుంచే వాడొచ్చని అమ్మే పడక అమరిక ఊసు ఎవరైనా ఎత్తితే మీకు ఆ వయసు దాటిపోయిందని చెప్పేయండి.

"చౌకది కొంటే పాప తినకపోతే నా వల్లేనేమో" అన్నారు. పాప ఎలాగూ కొన్ని రోజులు తినదు. అందరి పిల్లలూ అంతే. ఒక వారం ఆవురావురుమని తింటారు, మర్నాడు అదే గిన్నె చూసి మొహం తిప్పేస్తారు. పళ్లొస్తుంటే ఒక గొడవ, జలుబు చేస్తే ఒక గొడవ. ఆరు రెట్లు ఖరీదైన కుర్చీలో కూర్చుని తినకపోతే ఇంకా ఎక్కువ మండుతుంది, నన్ను నమ్మండి.

మీ ఆడపడుచుతో "వదినా, ఆ కుర్చీ నువ్వు వాడట్లేదుగా, పాపకి రెండేళ్లు వాడుకుని తిరిగిస్తాను" అని సూటిగా అనేయండి. నాకు తెలిసి ఆమె సంతోషించే అవకాశమే ఎక్కువ. ఆ కుర్చీని అంతగా పొగిడిన మనిషికి దాన్ని మళ్లీ ఒక పిల్ల వాడటం కన్నా ఏం కావాలి? తెచ్చుకున్నాక మాత్రం ఒక గంట దానికి కేటాయించండి. ఆరేళ్ల పిల్లాడి ఎత్తుకు పెట్టిన పలకలు మీ పాపకు పనికిరావు. స్క్రూలు వదులు చేసి రెండూ పైకి జరపాలి. కూర్చోబెట్టినప్పుడు టేబుల్ అంచు పాప మోచేతి ఎత్తుకు రావాలి, పాదం పూర్తిగా పలక మీద ఆనాలి. స్క్రూలన్నీ బిగించి, పక్కలకు పట్టుకుని ఊపి చూడండి. నెల తర్వాత మళ్లీ బిగించండి, చెక్క సర్దుకుని బిగింపు వదులవుతుంది. బెల్టు ఉందో లేదో, బకిల్ టిక్కుమంటోందో లేదో, పట్టీ చిరిగిందో చూడండి. వీపు అమరిక పోయిందంటే విడిగా కొనుక్కోవచ్చు. కానీ కొత్త భాగాలు బాగా పాత కుర్చీలకు సరిపోకపోవచ్చు, కుర్చీ మీద ఉండే సీరియల్ నంబరు చూసి కంపెనీని అడిగాకే డబ్బు కట్టండి. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడైనా వెనక్కు పిలిచిందా అని కూడా అదే నంబరుతో తెలుసుకోవచ్చు.

ఆమె ఇవ్వకపోతే సాదా ప్లాస్టిక్ కుర్చీ కొనండి, కాళ్ల పలక ఉన్నది దొరికితే అది, లేకపోతే గట్టిగా బిగిసే పలక విడిగా. ఆగిపోతాయన్న ఆ రెండు పనులూ కానిచ్చేయండి.

రంగు అడిగారు. ఏ రంగైనా మురికవుతుంది. ముదురు రంగు మీద ఎండిన పాలు, గంజి లాంటివి తెల్లగా కనిపిస్తాయి. తెల్ల ట్రే మీద క్యారెట్, టమాటా నారింజ రంగు మరకలు పడతాయి. సబ్బుకీ లొంగవు, పీచుతో రుద్దితే గీతలు పడి ఇంకా పట్టేసుకుంటాయి. నేనైతే తెలుపే తీసుకుంటాను, ఎక్కడ తుడవలేదో తెలుస్తుంది. మరక పడితే ట్రే కడిగి ఒకటి రెండు రోజులు ఎండలో పెట్టండి, చాలావరకు దానంతటదే వెలిసిపోతుంది.